ఉతికిన పటం

పోయిన శుక్రవారం పొద్దున మా ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా గడపలోనే నిలబడ్డాడు. ఏమైందంటే, "సర్వే సాబ్ పోయిండట. రాత్రి దవాఖాన్ల" అన్నాడు. నేను ఏడవలేదు. "మొన్ననే గద చూసొచ్చిన, మంచిగ మాట్లాడిండు గద, ఎవలు చెప్పిన్రు నీకు?" అని ఆయన మీదే గయ్యిమన్నాను. పాపం, వంగి బూట్లు విప్పుకున్నాడు. చాలాసేపటికి, కూరగాయలు తరుగుతూ ఉంటే ఏడుపొచ్చింది.

సాబ్ నాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో మేము పనిచేసే గనికి ఆయన సర్వే ఆఫీసర్, నేను ఆయన కింద ట్రేసర్‌ని. ఇప్పుడు ఆ పని కంప్యూటర్లు చేస్తున్నాయి కనుక ట్రేసర్ అంటే ఏమిటో చెప్పాలి. అసలు పటం మీద పలచని గుడ్డ పరిచి, కింద కనబడే ప్రతి గీతనూ నల్ల సిరాతో మళ్లీ గీయడం మా పని. భూమి లోపల బొగ్గు తవ్వుకుంటూ పోయిన దారిని గ్యాలరీ అంటారు. ఏ గ్యాలరీ ఎక్కడిదాకా పోయింది, ఎక్కడ పని ఆపేశారు, ఎక్కడ నీళ్లు నిలిచాయి, అన్నీ ఆ గుడ్డ మీదే ఉండేవి. మా నాయన గనిలో పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. పెన్ను పట్టడం మాత్రం సాబ్ నేర్పారు.

మా వైపు గనుల పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించిన మొదటి మనిషి ఆయనేనని పెద్దవాళ్లు అంటారు. మొదటివారో రెండోవారో నాకు తెలియదు. మాకు చూపించింది మాత్రం ఆయనే. ఎనభైల చివర్లో ఏదో ట్రైనింగుకని హైదరాబాద్ పోయి వచ్చారు. వచ్చిన రోజు మా బల్ల మీది నుంచి రెండు ట్రేసింగులు తీసుకున్నారు. ఒకటి భూమి పైన ఉన్నవాటిది. ఇళ్లు, రోడ్లు, కరెంటు స్తంభాలు. రెండోది భూమి లోపలి గ్యాలరీలది. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నారు. వెనక నుంచి ఎండ పడుతోంది. మా ఆఫీసు సైకిల్ షెడ్డు కింద నుంచి ఏనాడో తవ్విన గ్యాలరీ ఒకటి పోతున్నట్టు కనబడింది. అందరం లేచి వచ్చి చూశాం.

"ఇగో, గా మిషన్ జేసేది గిదే. పైనది, కిందది, నీళ్లది, రాయిది, అన్నీ ఒక్కదాని మీద ఒకటి వేసి చూపెడతది. ఎండ లేకున్న చూపెడతది" అన్నారు సాబ్.

మర్నాటి నుంచి సగం మంది సైకిళ్లు గేటు బయట పెట్టడం మొదలుపెట్టారు. ఆ గ్యాలరీ చాలా లోతున ఉందని ఆయన ఎంత చెప్పినా వినలేదు. నాకైతే సైకిల్ ఫికర్ లేదు, ఉద్యోగం ఫికర్. "గట్లయితె మేమేం గావాలె సాబ్? పెన్నులు కడిగి ఇంట్ల పెట్టుకోవాల్నా?" అని అందరి ముందూ అడిగేశాను. కోపం దాచుకునే అలవాటు నాకు మొదటి నుంచీ లేదు. సాబ్ ఏమీ అనుకోలేదు. "మిషన్‌కు కండ్లు లేవు బేటా. గీత ఎక్కడున్నదో నువ్వు చూపెడితెనే దానికి ఎరుకైతది. ముందుగాల నీకే నేర్పుత" అన్నారు. అన్నట్టే నాకే నేర్పారు. మంచమంత పలక మీద పటం పరిచి, చేతిలో ఇమిడే పరికరాన్ని గీత వెంబడి జరుపుతూ, మలుపు వచ్చినచోటల్లా మీట నొక్కాలి. నొక్కినప్పుడల్లా తెర మీద ఒక చుక్క పుట్టేది. మొదటి రోజు నేను నొక్కిన చుక్కలన్నీ కలిపితే గ్యాలరీ కాస్తా పాములా వంకర్లు పోయింది. "గిట్లనే తవ్వితె బొగ్గు రాదు, తల తిరుగుతది" అని నవ్వారు.

ఆ కంప్యూటర్ కోసం ఆయన ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కి దిగారో మాకందరికీ తెలుసు. ముందు జీతాల సెక్షన్ వాళ్ల మిషన్‌ను, అది ఖాళీగా ఉన్నప్పుడు అడుక్కుని వాడుకున్నారు. పటాలు గీయడానికి మనుషులుండగా ఇదంతా ఎందుకని పైవాళ్లు మొహం మీదే అన్నారు. ఎట్టకేలకు ఒక చిన్న గది, ఒక ఏసీ ఇచ్చారు. గీసిన పటాన్ని కాగితం మీద అచ్చు వేసే మిషన్ మాత్రం తర్వాత చూద్దామన్నారు.

మా దగ్గర కుర్చీ తుడిచి లేచేలోపల మళ్లీ బొగ్గు దుమ్ము పడుతుంది. అందుకని మేనేజరైనా సరే ఆ గదిలోకి చెప్పులు విప్పి రావాలని సాబ్ రూలు పెట్టారు. మే నెలలో కూడా ఆ చల్లటి గదిలో స్వెట్టర్ వేసుకుని కూర్చునేవారు. అది ఆయన భార్య అల్లింది. ఆమెను మేమంతా ఖాలా అని పిలిచేవాళ్లం. చాయ్ మాత్రం బయటికి వచ్చి, పటాలున్న బల్లకు వీపు తిప్పి, సాసర్‌లో పోసుకుని తాగేవారు. ఒక్క చుక్క పటం మీద పడుతుందేమోనని ఆయనకు అంత భయం. షిఫ్టు దిగిన కార్మికులు ఒంటినిండా మసితో తలుపు దగ్గర నిలబడి, "సాబ్, మా గ్యాలరీ చూపెట్టరాదు" అంటే, వాళ్ల కోసం బయట కాళ్లు కడుక్కునే బకెట్ పెట్టించారు. టోపీ దీపం వెలుగు పడినంత మేరే చూసిన మనుషులు, తాము పనిచేసే చోటంతా ఒక్కసారిగా తెర మీద చూసి, దగ్గరికి వంగి తమ దారి వెతుక్కునేవారు. "రోజు నడిచే తొవ్వ గిట్లున్నదా" అని ఒకాయన అన్నప్పుడు సాబ్ మొహం వెలిగిపోయింది.

పని దగ్గర ఆయన ఒక మాట పదేపదే చెప్పేవారు. "పటంల అందాజు గీత ఉండొద్దు. ఎరుక లేకుంటె ఖాళీ ఇడిచిపెట్టు. ఖాళీ జూస్తె మనిషి భయపడి ఆగుతడు. తప్పు గీత జూస్తె ధైర్యంగ పోతడు." అప్పుడు విని విని విసుగొచ్చేది.

ఇక ఆ గుడ్డ సంగతి చెప్పాలి. ట్రేసింగ్ గుడ్డ నిజానికి మేలైన నూలు బట్ట. దానికి గంజిలాంటిదేదో పట్టించి గాజులా నున్నగా చేస్తారు. పనికిరాని పాత ట్రేసింగ్‌ను ఉడుకు నీళ్లలో నానబెట్టి ఉతికితే గంజితో పాటు సిరా కూడా పోయి, మల్లుగుడ్డ కంటే మెత్తని తెల్ల బట్ట చేతికొచ్చేది. మా సర్వే ఆఫీసులో ఎవరింట్లో కాన్పయినా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ ఒక పాత ట్రేసింగ్ తీసి ఇచ్చేవాడు. పసిబిడ్డకు మొదటి అంగీ దాంతోనే కుట్టాలి. ఏ రూలులోనూ లేదు, ఎప్పటి నుంచో అట్లా నడుస్తోంది. మా ఆఫీసు పిల్లలంతా పటాలు తొడుక్కుని పెరిగినవాళ్లే.

నాకు పాప పుట్టినప్పుడు సాబే స్వయంగా ఇంటికి ఒక ట్రేసింగ్ చుట్టి తెచ్చారు. మా పక్కనే ఎప్పుడో మూసేసిన పాత గనిది. కడుపుతో ఉన్నప్పుడు పలక మీదికి వంగలేక, పక్కకు తిరిగి నిలబడి దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. "గిదిప్పుడు కంప్యూటర్ల భద్రంగున్నది. ఇంక గుడ్డతోని పనేమున్నది, బిడ్డకు పనికొస్తది" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎంత సంతోషంగా ఉన్నారో ఇప్పటికీ కళ్లకు కనబడుతుంది. తాను పెట్టిన మిషన్ మీద ఆయనకు అంత నమ్మకం.

వానాకాలం వచ్చింది. కంప్యూటర్ చల్లగా ఉండాలని పెట్టిన ఏసీ నీళ్లు గోడలోకి దిగాయి. ఆ గోడకు ఆనించిన బీరువాలోనే ఫ్లాపీలు ఉండేవి. ఫ్లాపీలంటే పటాలు దాచే పలచని చదరపు బిళ్లలు. నకలు ఫ్లాపీలు కూడా ఆ బీరువాలోనే, వాటి పక్కనే. ఎవరికీ తెలియకుండా అవన్నీ చెమ్మ పట్టి బూజెక్కాయి.

సరిగ్గా అప్పుడే మా గనిలో కొత్త గ్యాలరీ ఒకటి ఆ పాత గని వైపు తవ్వుకుంటూ పోతున్నారు. మా ఆయన ఆ గ్యాలరీలోనే బొగ్గు నింపేవాడు. పాత గని నిండా నీళ్లున్నాయి. రెంటికీ మధ్య బొగ్గు గోడ ఎంత మందాన మిగిలిందో చెప్పేది ఆ ఒక్క పటమే. గోడ పలచనైతే నీళ్లు ఒక్కపెట్టున తోసుకొస్తాయి, లోపలున్నవాళ్లు బయటపడరు. సాబ్ కొత్త గ్యాలరీ కొలతలు తెచ్చి, పాత పటంతో కలిపి చూద్దామని ఫ్లాపీ పెడితే కంప్యూటర్ చదవలేదు. నకలు పెట్టారు. అదీ చదవలేదు. గుడ్డ కంటే ముందటి కాగితం పటం కోసం పాత పెట్టె తెరిపిస్తే, అది చెదలు తిని పొడి పొడిగా ఉంది.

నేను ఇంకా కాన్పు సెలవులోనే ఉన్నాను. అందుకని సాబ్ ఇంటికే వచ్చారు. మా ఆయన సెకండ్ షిఫ్టు డ్యూటీకని అప్పుడే సైకిలెక్కి పోయాడు. మా అత్తమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పాపను పడుకోబెట్టి నీళ్లు పోస్తోంది. చాయ్ పెడతానంటే సాబ్ వద్దని, "బేటా, నేనిచ్చిన గుడ్డ ఉన్నదా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "మస్తు మెత్తగున్నది సాబ్ గుడ్డ. రెండు అంగీలు, ఒక కుల్లాయి అయినయ్. ఇంకోటి ఉంటె ఇయ్యరాదు, నా చిన్నబిడ్డ గుడ నీళ్లోసుకున్నది."

"ఉతికిన్రా?" అన్నారు సాబ్.

"ఉతకకుంట ఎట్ల తొడుగుతం? పసిదానికి గరుకుంటది గద. ఉడుకు నీళ్లల్ల నానబెట్టి సబ్బువెట్టి రుద్దిన. ఒక్క మరక లేకుంట పోయింది" అంది అత్తమ్మ గొప్పగా.

దండెం మీద ఆరేసిన అంగీ తీసి సాబ్ ఎండకు ఎత్తి పట్టుకున్నారు. నేనూ పక్కన నిలబడి చూశాను. కుట్టిన దారం తప్ప ఏమీ కనబడలేదు. ఏమైందని అడిగితే ఆయన దాచలేదు. ఫ్లాపీల సంగతి, చెదల సంగతి, కొత్త గ్యాలరీ సంగతి అన్నీ చెప్పారు. నాకు ఒళ్లు మండింది.

"నా మొగడు దిగే జాగ పటం దీసి నా బిడ్డకు అంగీ కుట్టుకొమ్మని ఇచ్చిన్రా సాబ్?" అన్నాను.

అంతటి మనిషిని అట్లా అనవచ్చా అని అత్తమ్మ తర్వాత నన్ను తిట్టింది. సాబ్ మాత్రం, "అవు బేటా. గదే జేసిన" అన్నారు. అంగీని జాగ్రత్తగా మడతపెట్టి, "దీన్ని ఒక్క పూట ఇస్తవా? మళ్ల తెచ్చిస్త" అని అడిగారు. పాపను అత్తమ్మకు వదిలేసి నేనూ ఆయన స్కూటర్ వెనక ఎక్కి కూర్చున్నాను. వాడవాళ్లు చూస్తారని కూడా తోచలేదు. సెకండ్ షిఫ్టు వాళ్లు గనిలోకి దిగేలోపల చేరాలి, అంతే.

ఆఫీసు తలుపు దగ్గరే పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ మమ్మల్ని ఆపాడు. మంచివాడే, సాబ్ మేలు కోరే మెల్లగా అన్నాడు. "సాబ్, గా పటం మనం శాన సార్లు చూసిందే. యాదికున్న కాడికి గీసి పెడదాం. నీళ్లను జెర ఇవతలికే గీద్దాం, ఫికర్ ఉండది. లేకుంటె మీ కంప్యూటర్ రూముకు తాళమే."

ఆయన అన్నది నిజం. ఎప్పుడు సందు దొరుకుతుందా అని చూసేవాళ్లు పైన చాలామంది ఉన్నారు. సాబ్ జీవితమంతా ఆ చిన్న గదిలోనే ఉంది. నేను సాబ్ మొహమే చూస్తూ నిలబడ్డాను. ఎక్కడ సరేనంటారోనని నా భయం.

"యాది చేసుకొని గీస్తె అది పటం గాదు భాయ్, బొమ్మయితది. బొమ్మను నమ్మి మనుషులను ఎట్ల తోలుత?" అన్నారు. అని మేనేజర్ గదిలోకి నడిచారు. పిలవకపోయినా ఆయన వెనకాలే నేనూ పోయాను.

సాబ్ ఆ అంగీని మేనేజర్ బల్ల మీద పరిచారు. ఫైళ్ల మధ్యలో నా పాప అంగీ, చిన్న చేతులు రెండు వైపులా చాచి. మేనేజర్ ఏమిటిది అన్నాడు.

"పాత గని పటం సార్. ఆఖరి కాపీ. నేనే ఇచ్చిన, వీళ్లు ఉతికిన్రు. కంప్యూటర్ల ఉన్నది గుడ ఖరాబయింది. తప్పు నాది. గ్యాలరీ ఆపుండ్రి" అన్నారు సాబ్.

మేనేజర్ మొదట తమాషా అనుకున్నాడు. కాదని తెలిశాక అరిచాడు. బొగ్గు తగ్గితే పైవాళ్లకు ఏం చెప్పాలి, చిన్నపిల్ల అంగీ చూపించాలా అని అరిచాడు. ఈ మిషన్లు వద్దని ఎంతమంది చెప్పినా విన్నావా అన్నాడు. సాబ్ చేతులు కట్టుకుని అంతా విన్నారు. "నా తప్పే అని రాసిస్త సార్. రూముకు తాళం ఏసుకోండ్రి. సెకండ్ షిఫ్టు మాత్రం గా గ్యాలరీలకు పోవద్దు" అన్నారు. అప్పుడు మేనేజర్ నన్ను చూసి ఈమె ఎవరు అని అడిగాడు. "గా గ్యాలరీలకు దిగెటోళ్లల్ల మా ఆయన ఉన్నడు సార్" అన్నాను. ఆయన కాసేపు అంగీ వంక, కాసేపు నా వంక చూసి, ఫోన్ అందుకుని షిఫ్టును ఆపమన్నాడు.

ఇక తవ్వకం ఆపి, ముందుకు సన్నటి పొడవాటి బోర్లు వేసి చూడమన్నారు. మొదటి బోర్లలో ఉత్త బొగ్గు పొడి వచ్చింది. నవ్వులు మొదలయ్యాయి. చాయ్ హోటళ్లలో ఆయనకు అంగీ సాబ్ అని పేరు పెట్టారు. మా ఆయన కూడా ఇంటికొచ్చి, "మీ సాబ్ పుణ్యాన పని లేకుంట కూసుంటున్నం" అని విసుక్కున్నాడు. సాబ్ ఆ బోర్ల దగ్గరే, రోజూ గనిలోకి దిగి, పక్కనే ఒక దుంగ మీద కూర్చునేవారట.

ఒకరోజు కొంచెం పక్కవాటుగా వేసిన బోరులోంచి నీళ్లు వచ్చాయి. రాడ్‌ను వెనక్కి తోసేసేంత జోరుతో వచ్చాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన. చెక్క దిమ్మ కొట్టి ఆ సన్నటి బెజ్జం మూసేసరికి మనుషులు అలిసిపోయారట. మా ఆయన అక్కడే ఉన్నాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ తినలేదు. "ఇంక జెరంత తవ్వితె అందరం పోతుంటిమి" అన్నాడు. పాప నిద్రపోతోంది, దాన్ని నిద్రలోనే ఎత్తుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. "గా సాబ్ నోరు మూసుకుంటె ఎవలకు ఎరుకైతుండె?" అన్నాడు.

సాబ్‌కు మెచ్చుకోలు ఏమీ రాలేదు. పటం పోగొట్టినందుకు ఛార్జిషీటు వచ్చింది. అది న్యాయమే అన్నారాయన. కంప్యూటర్ గదికి తాళం కూడా పడింది. నేను సెలవు నుంచి వచ్చి మళ్లీ పెన్ను పట్టాను. స్వెట్టర్ లేని సాబ్‌ను ఉక్కపోతలో మాతో పాటు కూర్చుని చూడటం నాకు కష్టమనిపించేది. ఆ తాళం తీయించడానికి ఆయనకు చాలాకాలం పట్టింది. తీయించాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి ప్రతి పటానికీ ఒక నకలు మంచిర్యాల ఆఫీసుకు పంపేవారు. గుడ్డలు ఇనుప పెట్టెలో పెట్టి ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత్తర్వాత వేరే గనుల వాళ్లు నేర్చుకోవడానికి మా దగ్గరికే వచ్చేవారు. వాళ్లను కూర్చోబెట్టి ముందుగా ఆ అంగీ ముచ్చటే చెప్పేవారు. పరువు పోతుందని నేను గొణిగితే, "నా పరువు ఫికర్ నీకెందుకు, చాయ్ చెప్పు" అనేవారు.

ఆ అంగీ మాట ఇచ్చినట్టే మర్నాడు తిరిగొచ్చింది. ఖాలా ఇస్త్రీ చేసి, మెడ దగ్గర చిన్న పువ్వు కుట్టి పంపింది. అప్పటి నుంచి ఆఫీసులో ఎవరికి బిడ్డ పుట్టినా సాబ్ మంచిర్యాల పోయి మల్లుగుడ్డ కొనుక్కొచ్చేవారు, ఖాలా అంగీ కుట్టేది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు.

మొన్న దవాఖానలో చూసినప్పుడు బాగా చిక్కిపోయారు. నన్ను చూసి గోడ మీది ఏసీ చూపించి, "నీళ్లు ఎటు వోతున్నయో జూడు బేటా" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నేను ఆయన్ని అన్న మాటకు ఆయన ఎన్నడూ నొచ్చుకోలేదు. నేను ఎన్నడూ శుక్రియా కూడా చెప్పలేదు. నా బిడ్డ నాయన సైకిల్ ముందు కూర్చుని బడికి పోగలిగిందంటే అది సాబ్ చలువ. ఆయన ముందు అనలేని ఆ మాట ఇక్కడ అంటున్నాను.

ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు పోరు కనుక నేను ఖాలా పక్కన కూర్చున్నాను. అక్కడి సంగతి సాయంత్రం మా ఆయన చెప్పాడు. ఆనాడు ఆ గ్యాలరీలో పనిచేసినవాళ్లంతా వచ్చారట, కొందరు డ్యూటీ మానుకుని. సాబ్‌ను దించి, పైన చెక్కలు పరిచారు. ఇక మట్టి వేయడమే మిగిలింది. గనిలో ఏ కప్పు కిందికైనా మనుషులను పంపేముందు, వాళ్ల భద్రత చూసే సర్దార్ దాన్ని తట్టి, చెవి పెట్టి వింటాడు. మోతను బట్టి కప్పు నిలుస్తుందో లేదో చెబుతాడు. అప్పట్లో ఆ గ్యాలరీకి సర్దార్‌గా ఉన్న ముసలాయన "ఆగుండ్రి" అని ముందుకొచ్చాడట. మోకాళ్ల మీద వంగి ఆ చెక్కలను ఒక్కొక్కటే వేళ్లతో తట్టుకుంటూ, తల వంచి వింటూ, ఆ చివరి దాకా పోయాడట. మిగతావాళ్లంతా గుప్పిళ్లలో మట్టి పట్టుకుని నిలబడ్డారు. ముసలాయన లేచి, మోకాళ్లు దులుపుకుని, "మంచిగున్నది. ఇగ వెయ్యుండ్రి" అన్నాడట.